చీకటి మూలకి ఏ మొక్క?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: ఇంట్లోకి ఎండ రాదు. ఎలా వస్తుంది? బెంగళూరులో ఇరవై అడుగులకి ముప్పై అడుగుల స్థలంలో గోడకి గోడ ఆనించి నాలుగంతస్తులు లేపుతారు, కిటికీ తెరిస్తే పక్కవాళ్ల గీజరు పైపు కనిపిస్తుంది. అందుకని గులాబీల వాళ్లనీ మల్లెల వాళ్లనీ వచ్చే నెలకి ఆపి, ఈసారి జాగా అంతా నీడ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది హొరమావులో మొదటి అంతస్తు. హాలు కిటికీకి ఐదడుగుల దూరంలో పక్కింటి గోడ. రెండేళ్లలో అరెకా పామ్, క్రోటన్, రెండు తులసి మొక్కలు పోయాయి. మనీప్లాంటు బతికుంది కానీ ఆకులు చిన్నవైపోతున్నాయి. ఇంట్లో పిల్లి ఉంది, ఏడాదిన్నర పాప ఉంది. ఇద్దరూ దొరికిన ఆకల్లా నములుతారు. నర్సరీలో జెడ్‌జెడ్ ప్లాంట్ పెట్టుకోమన్నారు. పెట్టమంటారా?
(ఒక పాఠకురాలు, హొరమావు)

జవాబు: తల్లీ, తులసినీ క్రోటన్‌నీ ఆ మూలలో పెట్టడమంటే వాటిని ఉపవాసం ఉంచడమే. అవి ఎండ తిని బతికే మొక్కలు. పోయాయని నువ్వు బాధపడక్కర్లేదు, ఇంకోసారి కొనకపోతే చాలు.

ముందు నీ కిటికీ దగ్గర వెలుగెంతో చూడు. మధ్యాహ్నం పన్నెండింటికి మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున చెయ్యి పెట్టు. వేళ్లు విడివిడిగా తెలిసేలా నీడ పడితే అది మంచి వెలుగు. ఏదో ఉందన్నట్టు మసకగా పడితే నీడమొక్కకి సరిపోతుంది. అసలు నీడే పడకపోతే అక్కడ ఫొటో ఫ్రేము పెట్టుకో, మొక్క వద్దు. మన కన్ను ఈ విషయంలో మనల్ని బాగా మోసం చేస్తుంది. వెలుగుని లక్స్ అనే కొలతలో చెబుతారు; మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. లైట్లన్నీ వేసిన ఆఫీసు గదిలో ఉండేది 300 నుంచి 500. రెండు చోట్లా మనం పేపరు చదివేస్తాం కాబట్టి రెండూ వెలుగే అనుకుంటాం. మొక్క దగ్గర ఆ లెక్క చెల్లదు.

జెడ్‌జెడ్ గట్టి మొక్కే, కాదనను. కానీ ఆకులు నమిలే ఇద్దరున్న ఇంట్లో వద్దంటాను. కంద, చేమ సరిగ్గా ఉడక్కపోతే నాలుక దురద పెడుతుంది కదా? సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకోవడం వల్ల వచ్చే దురద అది. జెడ్‌జెడ్, పీస్ లిల్లీ, అగ్లోనిమా, డిఫెన్‌బేకియా, నీ దగ్గరున్న మనీప్లాంటుతో సహా, అన్నీ ఆ కంద కుటుంబానివే. కందకైతే చింతపండు వేసి ఉడికిస్తాం. పాప పచ్చాకు నమిలితే నోరు మండి, వాచి, ఏడుస్తుంది. ఆ మనీప్లాంటుని ఇవాళే ఎత్తు మీదికి మార్చు.

నీకు నేను చెప్పేది ఆస్పిడిస్ట్రా. పిల్లులకీ కుక్కలకీ విషం కాని మొక్కల జాబితాలో ఉన్నది. పాప చేతికి కూడా అందనివ్వకపోతే మేలే, కానీ గుండెలు బాదుకోవాల్సిన మొక్క కాదు. చూడ్డానికి అచ్చం పసుపు మొక్కలా ఉంటుంది: మట్టిలోంచి ఒక్కో కాడకి ఒక్కో ఆకు, కాడతో కలిపి రెండడుగుల పొడుగు, ముదురాకుపచ్చ. నేల కింద కూడా పసుపు లాగే కొమ్ములు పాకుతాయి. తేడా ఏమిటంటే పసుపాకు చలికాలానికి ఎండిపోతుంది, ఇది పన్నెండు నెలలూ నిలబడి ఉంటుంది.

ఇంగ్లీషు వాళ్లు దీన్ని కాస్ట్ ఐరన్ ప్లాంట్ అన్నారు, అంటే పోత ఇనుము మొక్క. 19వ శతాబ్దంలో వాళ్ల ఇళ్లలో బొగ్గు పొయ్యిలు, గ్యాసు దీపాలు. కిటికీలకి మందపాటి పరదాలు. ఆ పొగకీ మసకకీ మిగతా మొక్కలు చచ్చిపోతుంటే ఇది చలించలేదు. అందుకా పేరు. పేరు విని మోసపోవద్దని మాత్రం చెబుతాను. మా అత్తగారి పోత ఇనుము దోసెపెనం నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఉంది. కానీ కొత్త పనమ్మాయి ఒక రాత్రంతా సింకులో నానబెడితే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పట్టింది. ఈ మొక్కా అంతే. ఎండకట్టినా భరిస్తుంది, నానబెడితే పోతుంది.

ఇది అనుభవంతో చెబుతున్న మాట. 1991లో మేం కాక్స్ టౌన్‌లో అద్దెకుండేవాళ్లం. పక్కది పాత బంగళా, చెక్క జాలీ మీద కోసుగా చూరు దిగే వరండా. బెంగళూరు వాళ్లు మంకీ టాప్ అంటారు, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఆ ఇంట్లో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ వరండాలో, మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిన మూల, ఇత్తడి తొట్టిలో ఈ మొక్క. నలభై ఆకులుండేవేమో. కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లిపోతూ దాన్ని నా చేతిలో పెట్టి, దీన్ని మరీ ముద్దు చెయ్యకమ్మా అంది.

నేను విన్నానా? హిందూపురం నుంచి వచ్చినదాన్ని, నీళ్ల కరువు చూసినదాన్ని. కుళాయి తిప్పితే కావేరి నీళ్లు వస్తుంటే చేతులు ఊరుకోలేదు. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఒక చెంబు, వచ్చాక ఒక చెంబు. నెల తిరిగేసరికి రెండాకులు పసుపు రంగుకి తిరిగాయి. దాహమేమో అనుకుని ఇంకో చెంబు. ఎనిమిదాకులు పోయాక కుండీ దగ్గర వాసన వచ్చింది, మురిగిన అల్లం వాసన. తొట్టి బోర్లిస్తే అడుగున చిల్లు లేదు! నీళ్లన్నీ అడుగున చెరువు కట్టి ఉన్నాయి. కొమ్ములు నొక్కితే వేలు దిగిపోతోంది. ఆవిడ నెలకో రెండు నెలలకో ఒక గ్లాసు పోసేది కాబట్టి చిల్లు లేని తొట్టిలోనూ అది బతికింది. మెత్తబడినవన్నీ కోసేసి, గట్టిగా మిగిలిన జానెడు కొమ్ముకి పసుపు అద్ది, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చిల్లున్న మట్టికుండీలో పెట్టాను. పసుపు పనిచేసిందా, ఆరబెట్టడం పనిచేసిందా అంటే ఆరబెట్టడమే అంటాను. ఇవాళ మా బసవనగుడి ఇంట్లో మెట్ల కింద ఉన్నదీ, మా చెల్లెలింట్లో లిఫ్టు ముందున్నదీ ఆ జానెడు ముక్క సంతానమే.

ఇంత నీడకి ఎలా తట్టుకుంటుందని అడుగుతావేమో. దాని సొంత ఊరు దక్షిణ జపాన్ దీవులు, తైవాను. అక్కడ పెద్ద చెట్ల కింద, ఆకుల తెర దాటి వచ్చే కాస్త వెలుగుతోనే పెరిగింది. దాని సంసారం ఎలాంటిదంటే, ఆదాయం తక్కువ, ఖర్చు అంతకన్నా తక్కువ. ఆకు మందం, పనులు నిదానం. ఏడాదికి మూడో నాలుగో కొత్తాకులు పెడుతుంది, మన ఇంటి మసకలో ఒక్కోసారి రెండే. కొత్తాకు నేలలోంచి పొగాకు చుట్టలాగా బిగుతుగా చుట్టుకుని వస్తుంది, లేత చిలకపచ్చ రంగు, కొస సూదిలా ఉంటుంది. విప్పుకోవడానికి వారాలు పడుతుంది. ఆగలేక మా ఆయన ఒకసారి వేళ్లతో విప్పబోయి నిలువునా చీల్చేశారు. ఆ చీలిక ఆకు ఇంకా అలాగే ఉంది, ఆరేళ్లయింది. ఈ మొక్క ఆకు అంతకాలం ఉంటుంది మరి. చీల్చినవాడికి రోజూ కనపడుతూ ఉంటుంది.

జపాన్‌లో దీన్ని హరాన్ అంటారు. ఆకుని అందంగా కత్తిరించి అన్నం డబ్బాలో ఒకదాని రుచి ఇంకోదానికి అంటకుండా మధ్యలో అడ్డం పెట్టేవాళ్లు. ఇప్పుడు సూషీ పార్సిల్ తెప్పించుకుంటే రంపపు పళ్లున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క వస్తుంది చూడు, అది ఈ ఆకుకి నకలు. మన పెళ్లిళ్లలో అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితం వేసి వడ్డిస్తున్నట్టే!

కొనేటప్పుడు జాగ్రత్త. ఇది మనీప్లాంటులా ప్రతి నర్సరీలో ఉండదు. లాల్‌బాగ్ వెనక సిద్దాపుర వైపు నర్సరీల వరసలో ఓపిగ్గా తిరిగి అడగాలి. ఫోనులో బొమ్మ చూపించు. లేదంటే "అక్కా, ఇదూ నెరళు గిడనే" అని పీస్ లిల్లీ చేతిలో పెడతారు, నీడమొక్కే కదా అని. నాకొకసారి పెట్టారు కూడా. తేడా పట్టుకోవడం తేలిక: పీస్ లిల్లీ ఆకు మెత్తగా, పల్చగా, తమలపాకులా వంగుతుంది. దీనిది తాటాకు తమ్ముడిలా బిరుసు, వేలితో మీటితే టప్‌మంటుంది. ఆకుల గుత్తి చూసి మురిసిపోకుండా కుండీ అడుగున చిల్లులోంచి వేర్లు తెల్లగా, గట్టిగా కనిపిస్తున్నాయేమో చూడు. ఐదారు ఆకుల కుండీకి పోయినేడాది నేను 650 ఇచ్చాను. ఎదుగుదల నిదానం కాబట్టి పెంచేవాడికి కుండీ ఎక్కువకాలం జాగా తింటుంది. ఆ అద్దె కూడా మనమే కట్టాలి.

మట్టి సంగతి రెండు ముక్కల్లో. మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే కుండీలో ఇటుకైపోతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు. కుండీ మొక్కకి సరిగ్గా పట్టేదే ఉండాలి, ఎదుగుతుందని పెద్దది కొనకు. పెద్ద కుండీలో మట్టి ఆరదు.

నీళ్లకి తేదీలు పెట్టుకోవద్దు. దేవుడి దగ్గర కాలిపోయిన అగరుబత్తి పుల్ల ఒకటి తీసి రెండంగుళాలు మట్టిలో గుచ్చి తియ్యి. తడి మట్టి అంటుకుని వస్తే వెళ్లి కాఫీ తాగు. పొడిగా వస్తే చిల్లులోంచి కారేదాకా పోసి, కింద ప్లేటులో చేరిన నీళ్లు పారబోసెయ్. మా ఇంట్లో మార్చి, ఏప్రిల్‌లో వారం పదిరోజులకోసారి, వానాకాలంలో మూడు వారాలకోసారి పడుతోంది.

ఒక్కటి మాత్రం చెయ్యకు: పాపం నీడలో ఉందని ఆదివారం పూట మేడ మీద ఎండలో పెట్టకు. ఒక్క మధ్యాహ్నం చాలు, ఆకు మీద గడ్డి రంగు మచ్చలు పడిపోతాయి. అవి మళ్లీ పచ్చబడవు.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో ఆస్పిడిస్ట్రా మూడేళ్లుగా ఉంది. ఏడాది నుంచి ఆకుల కొసలు గోధుమరంగుకి మారి ఎండుతున్నాయి. నీళ్లు వృథా చెయ్యకూడదని ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లే పోస్తున్నాం. ఏదైనా తెగులా?
(ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: తెగులు కాదండీ, ఉప్పు. మీరు ఉత్తరంలోనే జవాబు కూడా రాసి పంపారు.

ఆర్‌ఓ యంత్రం చేసే పని నీళ్లలోని లవణాలని ఒక పక్కకి నెట్టడం. మంచినీళ్లు మనం తాగుతాం, రెండో పక్క గొట్టంలోంచి వచ్చేదాంట్లో ఆ నెట్టేసిన లవణాలన్నీ చిక్కగా చేరి ఉంటాయి. మీ వైపు బోరు నీళ్లే ఎక్కువ కాబట్టి మొదటే లవణాలు ఎక్కువున్న నీళ్లు, వాటి నుంచి తీసిన చిక్కటి కషాయం అన్నమాట. నీళ్లు ఆకు కొస దాకా వెళ్లి ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే దిగబడిపోతుంది. అందుకే ముందు కొసలు మాడతాయి. కుండీ అంచు మీద తెల్లటి పొడి, బకెట్టు అంచుకి పట్టే తెల్లగార లాంటిది, కనిపిస్తోందేమో చూడండి.

మిమ్మల్ని తప్పుపట్టను. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్లు తోటలకి పోస్తే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు నేనూ ఇదే పని చేశాను. ఆ రెండు నెలల్లో తెలిసింది ఏ మొక్క ఎంతటిదో. ఫెర్నులు మూడు పోయాయి. ఆంథూరియం మొండెం మిగిలింది. ఆస్పిడిస్ట్రాకి మాత్రం కొసలే మాడాయి. తరవాత బుద్ధి తెచ్చుకుని ఆర్‌ఓ నీళ్లు బాత్రూము కడగడానికి వాడి, బియ్యం కడిగిన నీళ్లు కుండీలకి మళ్లించాను. ఉప్పు వేసిన కుడితి కాదు సుమా, బియ్యం కడిగినవే, అవీ పల్చగా.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఈ జూన్, జూలైలో మంచి వాన పడ్డ రోజు కుండీని చూరు కింద కాకుండా వానలోనే ఓ గంట ఉంచండి. అడుగునుంచి నీళ్లు ధారగా పోవాలి, లోపలి ఉప్పు కడుక్కుపోవాలి. మబ్బు విడిచేలోపు లోపలికి తెచ్చెయ్యండి. మాడిన కొసల్ని కత్తెరతో ఆకు ఆకారంలోనే ఏటవాలుగా కత్తిరించండి. ఒక వెంట్రుకవాసి మాడిన భాగం వదిలేసి కత్తిరిస్తే పచ్చభాగం గాయపడదు. అడ్డంగా కోస్తే మాత్రం క్షవరం చెడినట్టు ఉంటుంది.

ప్రశ్న: ఆంటీ, నేను మారతహళ్లిలో పీజీలో ఉంటాను. స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందనీ, గాలి శుభ్రం చేస్తుందని నాసా చెప్పిందనీ ఫ్రెండ్స్ రెండు మొక్కలు కొనిపించారు. మంచం పక్కనే పెట్టుకున్నాను. ఇంకా కొనాలా?
(ఒక పాఠకుడు, మారతహళ్లి)

జవాబు: డబ్బులు దాచుకో నాయనా.

నాసా వాళ్లు 1989లో ఒక నివేదిక ఇచ్చిన మాట నిజమే. మూత బిగించిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్ లాంటివి వదిలి, ఎంత తగ్గిందో చూశారు. గాలి ఆడని పెట్టెలో అది. నీ గదికి తలుపుంది, కిటికీ ఉంది, తలుపు కింద రెండంగుళాల సందుంది. అలాంటి ప్రయోగాలెన్నో పోగేసి 2019లో అమెరికా పరిశోధకులు లెక్కకట్టారు: మామూలుగా గాలి మారడం వల్ల జరిగే శుభ్రంతో సమానంగా మొక్కలు చెయ్యాలంటే, చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలట. నీ గది పదడుగులకి పదడుగులు అనుకుందాం, తొమ్మిది చదరపు మీటర్ల పైమాట. తక్కువలో తక్కువ తొంభై కుండీలు. నువ్వు వరండాలో పడుకోవాలి. కిటికీ ఓ పావుగంట తెరిచి పెట్టుకోవడం చౌక.

రాత్రి ఆక్సిజన్ కథ కూడా సగమే నిజం. స్నేక్ ప్లాంట్ పొడి నేలల మొక్క. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయని రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని దాచుకుంటుంది. కానీ ఆక్సిజన్ తయారయ్యేది వెలుగు పడ్డప్పుడే, అంటే పగలే. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చెయ్యదు. అలాగని రాత్రి మొక్క పక్కన పడుకుంటే ఊపిరాడదని మా నాయనమ్మ చెప్పినదీ నిజం కాదు. నీ పక్క మంచం అబ్బాయి పీల్చే గాలి ముందు ఆ రెండు కుండీలు పీల్చేది లెక్కలోకి రాదు.

ఉన్న రెండూ ఉండనీ. పొద్దున లేవగానే కంటికి పచ్చగా కనపడతాయి. నేను ముప్పై ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నది అందుకే.

ప్రశ్న: అమ్మా, నమస్తే. నా వయసు డెబ్భై ఆరు. మీరు రెండేళ్ల క్రితం రాసింది చదివి మా అబ్బాయి చేత ఆస్పిడిస్ట్రా తెప్పించుకున్నాను. మొన్న కుండీలో ఎండాకులు ఏరుతుంటే మట్టిని అంటుకుని ఊదారంగు పుట్టగొడుగులాంటివి రెండు కనిపించాయి. కుళ్లు పట్టిందేమోనని భయపడి పీకి పారేశాను. మొక్కకి ప్రమాదమా?
(ఒక పాఠకుడు, హోసూరు)

జవాబు: అయ్యో బాబాయిగారూ, మీరు పీకింది పువ్వుల్ని!

మొక్కకేమీ కాదు, మీరు కంగారుపడకండి. చాలామంది ఇళ్లలో అవి ఎవరి కంటా పడకుండానే పోతాయి. ఆకులు రెండడుగుల ఎత్తున ఉంటే పువ్వు మట్టి మట్టానికే వస్తుంది, ఒక్కోసారి ఎండాకుల కింద సగం కప్పబడిపోయి ఉంటుంది. మళ్లీ కనిపిస్తే పీకకుండా నేల మీద కూర్చుని, కుదరకపోతే మనవడి చేత ఫోనులో దగ్గరగా ఫొటో తీయించి చూడండి. చిన్న గిన్నెలాంటి పువ్వు, అంగుళం వెడల్పు. బయట లేత మీగడ రంగు, లోపల వంకాయ రంగు. అంచు చుట్టూ సాధారణంగా ఎనిమిది రేకులు వెనక్కి విరుచుకుని ఉంటాయి. నడుమ గొడుగు విప్పినట్టు ఒక పెద్ద మూత, గిన్నె నోరంతా దాదాపు కప్పేస్తుంది. మీకు పుట్టగొడుగులా కనిపించింది అదే. అది పువ్వులో పుప్పొడి అందుకునే భాగం. డాలులా ఉందని గ్రీకు మాట మీద మొక్కకే ఆ పేరు పెట్టారు: ఆస్పిస్ అంటే డాలు.

నేల మీద కూర్చున్న పువ్వు దగ్గరికి ఎవరొస్తారన్నది శాస్త్రవేత్తలకీ చాలాకాలం చిక్కుముడే. నత్తలన్నారు, తడి ఆకుల్లో గెంతే చిన్న రొయ్యజాతి పురుగులన్నారు. దాని సొంత గడ్డ జపాన్‌లోని కురోషిమా దీవిలో కాపు వేసి చూస్తే, ఎక్కువగా వచ్చి పని జరిపిస్తున్నవి బూజు మీద బతికే చిన్న దోమలని తేలింది. 2018లో అచ్చయింది ఆ సంగతి. పువ్వు పుట్టగొడుగులా కనపడి మీరు మోసపోయారని చిన్నబుచ్చుకోకండి. ఆ దోమలూ అలాగే మోసపోతున్నాయని ఆ శాస్త్రవేత్తల ఊహ.

పువ్వు వచ్చిందంటే మీ మొక్క అక్కడ కుదురుకుందని. ఉన్న చోటి నుంచి కదిలించకండి.

ప్రశ్న: ఆకులు మెరవడానికి కొబ్బరినూనె రాయొచ్చా? పాలు? కొబ్బరినూనెతో భలే నిగనిగలాడుతున్నాయి.
(ఒక పాఠకురాలు, కోరమంగళ)

జవాబు: వద్దమ్మా. నూనె రాసిన మర్నాటికే బెంగళూరు దుమ్మంతా వచ్చి దాని మీద కూర్చుంటుంది, ఆకు ఊపిరి పీల్చే సందులు మూసుకుపోతాయి. పాలకి చీమలొస్తాయి. పాత నూలు పంచె ముక్క తడిపి, కింద అరచెయ్యి ఆనించి, కాడ నుంచి కొస వైపు తుడవండి. పదిహేను రోజులకోసారి చాలు. తుడిచేటప్పుడు ఆకు వెనక ఈనె పొడుగునా గోధుమరంగు పొక్కుల్లాంటివి తగిలితే గోటితో గీకి చూడండి. ఊడివస్తే అవి పొలుసు పురుగులు. లీటరు నీళ్లలో ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట తుడవండి, వారానికోసారి, మూడు వారాలు.

ప్రశ్న: వదినగారూ, మా ఆస్పిడిస్ట్రా ఆరేళ్ల నుంచి ఒకే కుండీలో ఉంది. ప్లాస్టిక్ కుండీ ఒక పక్క ఉబ్బి పగిలింది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి సగం ఇవ్వాలని ఉంది. ఇప్పుడు ఆషాఢం వస్తోంది, విడదీయొచ్చా అని సందేహం.
(ఒక పాఠకురాలు, జయనగర్)

జవాబు: ఆషాఢంలో విడదీసేది కొత్త కోడళ్లనే కదా వదినా, మొక్కల్ని ఎవరూ కాదనలేదు. పైగా గాలిలో తడి ఉన్న రోజులు, దీనికంటే మంచి సమయం దొరకదు.

కుండీ ఎలాగూ పగిలింది, కత్తెరతో నిలువునా కోసి ఒలిచెయ్యండి. లాగడాలు వద్దు. వేర్లన్నీ గుండ్రంగా చుట్టిన తాడులా కనిపిస్తాయి, భయపడొద్దు. బకెట్ నీళ్లలో అరగంట ఉంచి మట్టి వదిలిస్తే కొమ్ములు బయటపడతాయి. పసుపు కొమ్ముల్ని ఎక్కడ విరుస్తామో మీకు నేను చెప్పాలా? సన్నగా నొక్కుబడిన చోట పదునైన చాకుతో ఒక్క కోత. ఒక్కో ముక్కకి మూడు ఆకులు తగ్గకుండా ఉండాలి, ఒక కొత్త మొలక కూడా ఉంటే మంచిది. ఆశపడి ఒక్కో ఆకే ఉన్న ముక్కలు చేస్తే బతుకుతాయి కానీ మీ మనవరాలు స్కూలుకెళ్లేదాకా ఎదగవు. కొమ్ము మట్టిలో అర అంగుళం లోతున పడుకోవాలి, అంతకంటే పాతిపెట్టొద్దు. మీ వాటాకి ఈసారి మట్టికుండీ తీసుకోండి. ఫ్రేజర్ టౌన్ పక్కన పాటరీ టౌన్‌కి వెళితే కుమ్మర్లు చేసిన వాటిలో నచ్చిన కొలత ఏరుకోవచ్చు, పదంగుళాలది చాలు.

మీదాంట్లో తెల్ల చారలున్నాయో లేదో రాయలేదు. ఉంటే చారలు బాగా ఉన్న ముక్క మీరు ఉంచుకున్నా తప్పులేదు, కాస్త ఎక్కువ వెలుగులో పెట్టండి, ఎరువు మాత్రం తగ్గించండి. తిండి ఎక్కువైతే ఆ చారలు పోయి మామూలు ఆకుపచ్చకి తిరిగిపోతాయి.

అమ్మాయికి పంపేదానికి కుండీ, మట్టి వద్దు, రైల్లో బరువు. వేర్లకి తడి న్యూస్‌పేపరు నాలుగు మడతలు చుట్టి, పైన పాలకవరు కట్టి, ఆకుల్ని చీపురులా వదులుగా పోగేసి పాత చీరముక్కతో ముడేయండి. పై బెర్తు మీద నిలువుగా ఆనిస్తే రాత్రి ప్రయాణం ఏమీ కాదు, మా చెల్లెలికి పంపినప్పుడు రెండు రోజులు అలాగే ఉంది. అక్కడ నాటి ఒక్కసారి బాగా నీళ్లు పోసి, అగరుబత్తి పుల్ల సంగతి చెప్పండి. వేర్లు కుదురుకోవడానికి చాలాకాలం పడుతుంది. కొత్తాకు ఇంకా రాలేదేమిటని సంక్రాంతిలోపు నాకు ఉత్తరం రాయొద్దని కూడా చెప్పండి.